రవికి, పెళ్లికార్డుల మీద కోర్సివా గురించి

చిరంజీవి రవికి బాబాయ్ ఆశీస్సులు.

పెళ్లికార్డుల పని మొదలుపెట్టావని మీ నాన్న చెప్పాడు, సంతోషం. నువ్వు పంపిన ఇంగ్లీషు కార్డు చూశాను. పేర్లు, ముహూర్తం, ఫంక్షన్ హాలు అడ్రసు, ఆఖరికి ఫోన్ నంబర్లు కూడా మోనోటైప్ కోర్సివా అనే వాలు అక్షరాల ఫాంటులోనే పెట్టేశావు. పైగా పేర్లన్నీ క్యాప్స్‌లో, అంటే అన్నీ పెద్దక్షరాల్లో!

ముందు క్యాప్స్ సంగతి చూద్దాం. 1520లలో రోమ్‌లో, పోప్ కార్యాలయంలో రాతపని చేసిన లూదోవికో అర్రిగి వెడల్పు పాళీతో రాసిన వాలు అక్షరాలే ఈ ఫాంటుకు మూలం. వాటిని చూసి 1990ల మొదట్లో పాట్రిషియా సాండర్స్ కోర్సివాను గీసింది. ఆ రాతలో పెద్దక్షరం పేరు మొదట్లో ఒక్కసారి వస్తుంది, వంపులు తిరగడానికి దానికి చోటు కావాలి. అలాంటివి పది వరసగా పేరిస్తే ఒకదాని వంపు పక్కదానికి అడ్డం పడుతుంది. వెంకటసుబ్రహ్మణ్యం అని క్యాప్స్‌లో కొట్టి చూడు, పెళ్లికొడుకే తడుముకుంటాడు.

మన పేర్లకి ఇనిషియల్స్ బాధ కూడా ఉంది. కె.వి.ఎస్.ఎస్. అంటే నాలుగు పెద్దక్షరాలు, నాలుగు చుక్కలు. అందుకని వధూవరుల పేర్లు మాత్రమే, ఇనిషియల్స్ లేకుండా, 30 పాయింట్ల (అక్షరం సైజు కొలత) పైన కోర్సివాలో పెట్టు. ఇంటిపేర్లు, తల్లిదండ్రుల పేర్లు, అడ్రసు, నంబర్లు కింద మామూలు నిలువు ఫాంటులో రావాలి. నా లెక్కలో 14 పాయింట్ల కంటే చిన్నగా కోర్సివా వాడకూడదు. బంగారు ఫాయిల్ వేస్తే ఇంకా పెద్దదే కావాలి, సన్నగీతలు సరిగా అంటవు.

బోల్డ్ బటన్ జోలికి వెళ్లకు. కోర్సివాకి ఒకటే మందం ఉంది. బోల్డ్ నొక్కితే కంప్యూటర్ గీతలన్నిటికీ ఒకేలా బరువు తగిలిస్తుంది, సన్నం లావు తేడా పోతుంది. అందమంతా ఆ తేడాలోనే ఉంది మరి. లావుగా కావాల్సిందేనని పట్టుబడితే ఫాంట్లు గీసే హెర్మన్ జాఫ్ 1979లో చేసిన జాఫ్ చాన్సరీ ఫాంటు చూడు, దాంట్లో వేరువేరు మందాలు ఉన్నాయి. లైసెన్సు కొన్నాకే దాన్ని వాడు. ఆయనదే జాఫినో అనే ఫాంటు కూడా ఉంది, చాలా సొగసు. కానీ దాని తోకలు పై లైనులోకి, కింది లైనులోకి పోతాయి. ఒంటరి లైనుకి తప్ప పనికిరాదు.

తెలుగు కార్డులో అక్షరాలను వాల్చే ఇటాలిక్ బటన్ అసలు నొక్కకు. మన ఫాంట్లలో చాలావాటికి విడిగా గీసిన ఇటాలిక్ ఉండదు. కంప్యూటర్ నిలువు అక్షరాన్నే పక్కకి తోస్తుంది, సున్నాలు కోడిగుడ్లవుతాయి.

ప్రెస్సుకి పంపే ముందు అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి, అంటే ఫాంటు అవసరం లేని గీతల బొమ్మల్లోకి మార్చు, వాళ్ల దగ్గర ఆ ఫాంటు లేకపోతే ఇంకేదో వచ్చి కూర్చుంటుంది. అసలు సైజులో ప్రింటు తీసి పెళ్లివారింట్లో కళ్లజోడు పెట్టుకునే పెద్దాయన చేత చదివించు. ఆయన ఆగకుండా చదివితే ప్రింటింగ్ ప్లేటు చేయడానికి ఇచ్చెయ్.

మార్చాక నాకు పీడీఎఫ్ పంపు. ఫోన్‌తో తీసిన ఫోటో వద్దు, అందులో ఏమీ తెలియదు.

మీ బాబాయ్