ఇంగ్లాండ్ ఫుట్‌బాల్‌లో నల్లజాతి ఆటగాళ్ళు ఇంతమంది ఉన్నారు కదా, రిఫరీలు ఎందుకు కనిపించరు?

మాది గుంటూరు, ఉద్యోగం యార్క్‌షైర్‌లో. ఆదివారాలు పిల్లల మ్యాచ్‌లకి, అప్పుడప్పుడు పెద్దవాళ్ళ లోకల్ లీగ్‌కి రిఫరీగా వెళ్తుంటాను. కింది మెట్టు మీద నిలబడి చూస్తే నాకు కనిపించింది చెప్తాను.

ఆటగాడికి గోలే సాక్ష్యం. బంతి వలలో పడ్డాక ఎవరూ కాదనలేరు. రిఫరీకి అలాంటిదేం లేదు. టచ్‌లైన్ పక్కన ఒక అబ్జర్వర్ నిలబడి మార్కులు వేస్తాడు, పైకి వెళ్ళాలంటే ఆ మార్కులే దిక్కు. ఎంత పరిగెత్తావు, ఎక్కడ నిలబడ్డావు అన్నవి సరే. మ్యాచ్ మీద పట్టు ఉందా, ప్లేయర్లతో ఎలా మాట్లాడావు అన్నవి చూసేవాడి మనసుని బట్టి ఉంటాయి. పక్షపాతం దూరేది అక్కడే. ఒకాయన నా నిర్ణయాల గురించి ఒక్క ముక్క అనకుండా, "నీ యాస వాళ్ళకి అర్థమవుతోందా?" అని అడిగాడు. అప్పటిదాకా ఇరవై రెండు మందీ నేను ఆగమంటే ఆగారు మరి!

పై స్థాయిలోనూ ఇదే కథ. జమైకాలో పుట్టి షెఫీల్డ్‌లో పెరిగిన యురైయా రెన్నీ 1997 ఆగస్టులో డెర్బీ–వింబుల్డన్ క్లబ్బుల మ్యాచ్‌తో, ఇంగ్లాండ్‌లో అన్నిటికంటే పైదైన ప్రీమియర్ లీగ్‌లో తొలి నల్లజాతి రిఫరీ అయ్యారు. (ఫ్లడ్‌లైట్లు ఆరిపోయి ఆ మ్యాచ్ మధ్యలోనే ఆగిపోయింది, పాపం.) 2008లో ఆయన తప్పుకున్నాక ఆ లీగ్‌లో ఇంకో నల్లజాతి రిఫరీ కనిపించింది 2023 డిసెంబరు 26న. షెఫీల్డ్ యునైటెడ్–లూటన్ మ్యాచ్, శామ్ అలిసన్. అంతకుముందు ఆయన ఫైర్ సర్వీస్‌లో పనిచేశారు. మొదటివాడికి అందరూ చప్పట్లు కొడతారు. రెండోవాడికి పదిహేనేళ్ళు ఎందుకు పట్టిందని అడిగేవాళ్ళే తక్కువ.

మనవాళ్ళ సంగతికొస్తే, జర్నైల్ సింగ్ 2004 నుంచి 2010 దాకా తలపాగాతోనే ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్‌లో, అంటే ప్రీమియర్ లీగ్ కింది అంచెల్లో, మ్యాచ్‌లు నడిపారు. ఆయన కొడుకు భూపిందర్ 2023 జనవరిలో ప్రీమియర్ లీగ్‌లో అసిస్టెంట్ రిఫరీ. ఇంకో కొడుకు సన్నీ 2024 మార్చిలో క్రిస్టల్ ప్యాలెస్–లూటన్ మ్యాచ్‌కి రిఫరీ, దక్షిణాసియా మూలాలున్నవాళ్ళలో ఆయనే తొలి మనిషి. ఏ కోర్సు చేయాలి, ఎవరిని అడగాలి అన్నది చెప్పడానికి ఇంట్లోనే నాన్న ఉన్నాడు. అందరికీ ఆ వీలుండదు.

ఈమధ్య ఒక హైదరాబాద్ కుర్రాడు కోర్సులో చేరతానంటే ఒకటే చెప్పాను: అబ్జర్వర్ ఏమన్నా సరే, రాసి ఇమ్మని అడుగు తమ్ముడూ. యాస గురించి నోటితో అనేసినంత తేలిగ్గా కాగితం మీద పెట్టరు.