సేలంలో నేరం ఒప్పుకున్నవారు బతికి, కాదన్నవారు ఉరికంబం ఎక్కడం ఎలా జరిగింది?

1692లో మసాచుసెట్స్‌లోని సేలం విచారణల్లో మంత్రగత్తెలు, మంత్రగాళ్లు అన్న అభియోగంపై 19 మందిని ఉరితీశారు. వారిలో నేరం ఒప్పుకొని చివరిదాకా ఆ మాటమీద నిలబడినవారు ఒక్కరూ లేరు. సైతానుతో ఒడంబడిక చేసుకున్నామని ఒప్పుకొని, తోటివారి పేర్లు బయటపెట్టినవారు మరికొందరిపై సాక్ష్యానికి పనికివస్తారు కనుక, వారి శిక్ష వాయిదా పడుతూ వచ్చింది. ఫలానావారి ఛాయారూపం వచ్చి తమ గొంతు నులుముతోందని బాధితులు చెబితే, అది మరెవరి కంటికీ కనబడకపోయినా న్యాయమూర్తులు సాక్ష్యంగా స్వీకరించారు. అలాంటప్పుడు నిందితులు తాము వేరేచోట ఉన్నామని రుజువు చేసుకున్నా ఫలితమేముంటుంది?

మార్గరెట్ జేకబ్స్ ఉదంతం చూడండి. ఒప్పుకోకపోతే ఉరి తప్పదని బెదిరించడంతో ఆ అమ్మాయి తాను మంత్రగత్తెనని చెప్పడమే కాక, సొంత తాత జార్జ్ జేకబ్స్‌ మీదా, పాస్టర్ జార్జ్ బరోస్ మీదా నేరం మోపింది. అబద్ధమాడితే ఆత్మకు నరకమేనని నమ్మిన ప్యూరిటన్ (కఠిన నియమాలు పాటించే ప్రొటెస్టెంట్ క్రైస్తవుల) సమాజంలో పెరిగిన పిల్ల కావడంతో, అంతరాత్మ క్షోభ భరించలేక జైలులోనే ఆ మాటలన్నీ వెనక్కి తీసుకుంది. ఒప్పుకోలును వెంటనే నమ్మిన న్యాయస్థానం ఈ ఉపసంహరణను మాత్రం లెక్కచేయలేదు. ఆగస్టు 19న ఆ ఇద్దరినీ ఉరితీశారు; అనారోగ్యం వల్ల తన విచారణ వాయిదా పడి, మార్గరెట్ మరుసటి ఏడాది నిర్దోషిగా విడుదలైంది.

భూతగాదాలు, పాస్టర్ నియామకంపై ఊళ్లో ఉన్న చీలికలు ఎవరి పేరు ముందు వచ్చిందో కొంతవరకు వివరిస్తాయి గానీ, ఇన్ని మరణాలకు నా దృష్టిలో ఆ సాక్ష్య విధానమే ప్రధాన కారణం.