సాన్ మాలో వెళ్తున్నారా, ముందు సముద్రం టైమింగ్స్ చూడండి

ప్రశ్న: నమస్తే అండీ, మాది చెన్నై పెరంబూర్. మా అబ్బాయి ఫ్రాన్స్‌లో రెన్ అనే ఊళ్ళో ఎమ్మెస్ చేస్తున్నాడు, మేలో మేమిద్దరం, మా అత్తగారు వాడి దగ్గరికి వెళ్తున్నాం. దగ్గర్లోనే సాన్ మాలో అని పాత రేవు పట్నం ఉంది, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు అంటున్నాడు. ఒక్క రోజు చాలా? అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. మేం గుడ్డు తింటాం గానీ మాంసం ముట్టం.
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా వెళ్ళండమ్మా, చెన్నై వాళ్ళయితే మరీనూ. 1746లో మన సెయింట్ జార్జ్ కోటని ఇంగ్లీషు వాళ్ళ దగ్గర్నుంచి పట్టుకున్న ఫ్రెంచి నౌకాదళ నాయకుడు లా బూర్దొనే పుట్టిన ఊరది. నేను వెళ్ళొచ్చాక లోకల్ ట్రైన్‌లో ఫోర్ట్ స్టేషన్ దాటినప్పుడల్లా సాన్ మాలో కోటగోడలే గుర్తొస్తాయి.

ఒక్క రోజు సరిపోదని నా అభిప్రాయం, ఒక రాత్రి ఉండండి. ఎందుకంటే అక్కడ చూడాల్సింది సముద్రమే. మన మెరీనాలో ఆటుపోట్ల తేడా మీటరు అటూ ఇటూ, పెద్దగా తెలీదు కూడా, అక్కడ పెద్ద పోటు రోజుల్లో 12 మీటర్ల పైనే, అంటే నాలుగంతస్తుల మేడ ఎత్తు నీళ్ళు ఆరుగంటల్లో వచ్చేస్తాయి. నీళ్ళు తీసినప్పుడు గ్రాన్ బే అనే చిన్న దీవికి నడిచి వెళ్ళొచ్చు, షాతోబ్రియాన్ అనే రచయిత సమాధి ఉందక్కడ, కానీ టైం చూసుకోకపోతే దారి మునిగి అక్కడే ఇరుక్కుపోతారు, రోజూ టైం మారుతుంది కూడా. ట్రైన్ టికెట్ కన్నా ముందు అబ్బాయిని ఆ ఆటుపోట్ల వేళల టేబుల్ చూడమనండి. ఆ దారి రాళ్ళు పాకుడు పట్టి జారతాయి, అత్తగారిని మాత్రం తీసుకెళ్ళొద్దు.

ఆవిడకి కోటగోడ చాలు. చుట్టూ దాదాపు రెండు కిలోమీటర్లు, మెట్లు ఎక్కాలి నిజమే, కానీ ఒకసారి పైకి చేరితే నెమ్మదిగా నడుస్తూ కూర్చుంటూ పోవచ్చు, సముద్రమంతా కనబడుతుంది. లోపలి ఇళ్ళు చాలావరకు 1944 ఆగస్టులో యుద్ధంలో కూలిపోతే పాతవాటిలాగే రాయితో మళ్ళీ కట్టుకున్నారు, చెప్తే గానీ తెలీదు, అంత ఓపిగ్గా కట్టారు వాళ్ళు.

తిండికి గలెట్ అడగండి, బక్‌వీట్ పిండితో పెనం మీద పోసే పల్చటి అట్టు. మామూలుగా పంది మాంసం, గుడ్డు, చీజ్ పెడతారు కాబట్టి ఆర్డర్ చేసేటప్పుడే "సాన్ జాంబో" అనండి, పంది మాంసం లేకుండా అని అర్థం. పుట్టగొడుగులతో కూడా చేస్తారు, అది ఇంకా బావుంటుంది.

మేలో అక్కడ రాత్రి తొమ్మిది దాటితే గానీ పొద్దుగూకదు, అప్పటిదాకా గోడ మీదే ఉండాలనిపిస్తుంది, అత్తగారికి మంచి స్వెట్టర్ పెట్టుకోండి, ఆ గాలి మనకి చలే.