కాంటూర్ కిట్ కొనే ముందు అద్దాన్ని కిటికీ దగ్గరికి జరపండి

"మేకప్ అస్సలు రాదు, కాంటూరింగ్ నేర్చుకోవాలి, మొదట ఏ కిట్ కొనాలి?" అని అడిగారు. కాంటూరింగ్ అంటే ముదురు రంగుతో మొహం మీద నీడ గీసి ఎముకలు తేలినట్టు చూపించడం. ఏ కిట్టూ వద్దు. కొని నవ్వులపాలైన దాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆరేళ్ల కిందట తిరుచానూరులో మా పిన్ని కూతురి పెళ్ళి. ముహూర్తం తెల్లవారుజామున నాలుగున్నరకి. పెళ్ళికూతురికి కాక మిగతావాళ్ళకి మేకప్ వేయాలంటే మనిషికి రెండు వేలు అంది పార్లర్ ఆవిడ. ఆ డబ్బుతో సామానే వచ్చేస్తుంది కదా అని తిరుపతి గాంధీ రోడ్డులో ఒక ఫ్యాన్సీ షాపుకి పోయాను. కౌంటర్లో అమ్మాయి నా మణికట్టు మీద ఫౌండేషన్, అంటే మొహమంతా పూసే అడుగు రంగు, గీత గీసి, "ఇదైతే బ్రైట్‌గా కనిపిస్తారక్కా" అంది. ట్యూబులైటు కింద నిజంగానే బాగుంది. దాంతోపాటు తొమ్మిది గళ్ళ కాంటూర్ పాలెట్, అంటే రంగుల డబ్బా, ఒకటి అంటగట్టింది. తొమ్మిదీ ఇటుకపొడి రంగులే అని అప్పుడు నాకేం తెలుసు?

పెళ్ళి రోజు రెండున్నరకే లేచి, అందరూ గురకలు పెడుతుంటే చెంపల కింద, నుదుటి పక్కన, ముక్కుకి అటూ ఇటూ గీతలు గీసి బ్రష్‌తో రుద్దాను. తాళి కట్టేదాకా ఏ గొడవా లేదు. ఆరున్నరకి టిఫిన్ బంతిలో కూర్చున్నానా, పక్కనుంచి ఎండ పడింది. మా అవ్వ ఇడ్లీ పక్కన పెట్టి, "ఏమ్మే, పొయ్యి ఊదొచ్చినావా? చెంపలకంతా మసి అంటింది" అంటూ కొంగు తడిపి తుడిచింది. పోకపోగా చెవుల దాకా పాకింది. మొహం ఒక రంగు, మెడ ఇంకో రంగు. బంతి మొత్తం నన్నే చూసింది. ఆల్బం వచ్చాక ఇంకో ముచ్చట: ఫ్లాష్ ఫోటోలన్నిటిలో కళ్ళ కింద సున్నం కొట్టినట్టు ఉంది. నేను అక్కడ అద్దిన పౌడరు పనే అది; సిలికా ఎక్కువున్న తెల్ల పౌడరు ఫ్లాష్ పడితే అలాగే కనిపిస్తుందట. ఈ ముక్క నేను చూసిన పాతిక వీడియోల్లో ఒక్కరూ చెప్పలేదు. వాళ్ళ ముందు ఎప్పుడూ రింగ్ లైటే కదా, ఎండ మొహం ఎరగరు. అద్దాన్ని కిటికీ దగ్గరికి జరపమన్నది అందుకే.

నాకు అసలు విద్య చెప్పింది మా చిన్నమామ. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకి వేషం కట్టే మనిషి. బైరాగి వేషానికి నామం కొమ్ము (నామాలు పెట్టుకునే తెల్ల సుద్ద), బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, ఇవన్నీ చిన్నప్పటి నుంచి పూసుకున్న మొహం అది. "బొమిక యాడుండాదో చూడకుండా మసి పూస్తే ఎట్ల పాపా?" అని, చెవి ముందు నుంచి నోటి మూల వైపు వేలితో నొక్కుతూ రమ్మన్నాడు. ఎముక కింద వేలు గుంటలోకి దిగుతుంది. నీడ ఉండాల్సింది ఆ గుంటలో. కంటి నల్లగుడ్డు నుంచి తిన్నగా కిందికి ఒక గీత ఊహించుకుని అక్కడికి ఆగిపోవాలి. నేను నోటి దాకా లాగాను, అందుకే పొయ్యి ఊదినట్టయింది.

ఇంకో సంగతి. మొక్కుకి చీర కట్టి ఆడవేషం వేసేటప్పుడు, గీసిన గడ్డం నీలంగా కనిపించకుండా గంధంలో చిటికెడు కుంకుమ కలిపి రాసి, పైన పౌడరు అద్దుతాడు. షాపుల్లో ఆరెంజ్ కరెక్టర్ అని అమ్మేదీ అదే పని చేస్తుంది. మీరు మాత్రం కుంకుమ జోలికి పోకండి, రంగు కలిపినదైతే దురదే.

ఇప్పుడు మీ ప్రశ్న. నీడలో ఎరుపు ఉండదు. అందుకని కాంటూర్‌కి కాస్త బూడిద కలిసినట్టుండే గోధుమ రంగు కావాలి. ఎరుపు, ఆరెంజ్ కొట్టేది బ్రాంజర్, అది ఎండ తగిలినట్టు కనిపించడానికి. షాపుల్లో రెండూ ఒకే డబ్బాలో పెట్టి అమ్ముతారు. మనలాంటి చామనచాయ వాళ్ళకి ఈ పాలెట్లలో సగం రంగులు మొహం మీద కనపడవు కూడా. మీ ఫౌండేషన్ కంటే రెండు షేడ్లు ముదురు క్రీము స్టిక్ ఒకటి, స్పాంజి ఒకటి, చాలు. క్రీము ముందు, పౌడరు తర్వాత. తిరగేస్తే మచ్చలు మచ్చలుగా నిలుస్తుంది.

అంతకంటే ముందు ఫౌండేషన్ షేడ్ కుదరాలి, నా కడుపుమంటంతా అక్కడే. మీ రంగు చెప్పండి, దానికంటే రెండు మెట్లు తెల్లది చేతిలో పెడతారు. ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది గానీ కౌంటర్ దగ్గర లెక్క ఇంకా పాతదే. మీరు మణికట్టు ఇవ్వకండి. దవడ మీద, మెడ కలిసే చోట గీత గీయించుకుని షాపు బయటికి రండి. పావుగంట ఆగండి, కొన్ని గాలి తగిలాక ముదురుతాయి. గాంధీ రోడ్డు ఎండలో పావుగంటంటే చెమట కూడా పడుతుంది, కారేదో నిలిచేదో ఆ పరీక్షా అక్కడే అయిపోతుంది. షాపు అమ్మాయి మొహం చిట్లిస్తే చిట్లించనీ. కొనేటప్పుడు మూత తెరిచిన డబ్బా బొమ్మ పక్కన 12ఎం అనో 6ఎం అనో ఉంటుంది, తెరిచాక అన్ని నెలలే వాడాలని. పెళ్ళికొకసారి పూసుకునేవాళ్ళు పెద్ద డబ్బాలు కొనడం దండగ.

నా తొమ్మిది గళ్ళ పాలెట్టా? ఆ మరుసటి జాతరకి మామ పట్టుకుపోయాడు, అందులో ఆరెంజ్ గడ్డానికి బ్రహ్మాండంగా పనికొచ్చిందట. ఇంతవరకు తిరిగివ్వలేదు.