మోటారు ఆన్ కాగానే రీడింగ్ గెంతుతోందా? కోడ్ పక్కన పెట్టండి

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఊరు. మిర్చి తోటలో మట్టి తేమ సెన్సర్‌ను 15 మీటర్ల వైరుతో ఆర్డుయినో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకు కలిపాను. మామూలుగా 420 దగ్గరుండే రీడింగ్ బోరు మోటారు ఆన్ కాగానే 300కీ 600కీ మధ్య గెంతుతోంది. కోడ్‌లో సగటు తీసినా తగ్గలేదు. దీన్ని ఫోన్‌కు కలిపి, మోటారు దానంతటదే నడిచేలా చేయాలనుకుంటున్నా. ఏం చేయాలి?

జవాబు: హన్మకొండలో ప్రాజెక్టులు చేసే పిల్లలు, జగిత్యాల వైపు రైతులు, అందరూ ఇదే అడుగుతున్నారు, అందరూ ముందు కోడ్ మీదే పడుతున్నారు. కోడ్ ముట్టుకోకండి. సెన్సర్ వైరు తీసేసి, అది కలిపిన ఏ0 పిన్నును చిన్న వైరు ముక్కతో గ్రౌండ్‌కు కలపండి, సున్నా దగ్గర నిలవాలి. తర్వాత ఆ ముక్కను గ్రౌండ్ నుంచి తీసి 3.3 వోల్టుల పిన్నుకు కలపండి, బోర్డుకు సరిగ్గా 5 వోల్టులు అందుతుంటే 675 అటూఇటూ రావాలి. మోటారు నడుస్తుండగా కూడా ఈ రెండూ కదలకపోతే బోర్డు బాగానే ఉన్నట్టు, తప్పు ఆ 15 మీటర్ల వైరుది. కదిలితే బోర్డుకు కరెంటిచ్చే చార్జర్ తీసేసి పవర్ బ్యాంక్ మీద నడిపి చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతుంది.

ఊనోలో రీడింగ్ ఒక అంకె మారడానికి 5 మిల్లీవోల్టులు కూడా అక్కర్లేదు. మోటారు కేబుల్ పక్కనే, అదే పైపులో సెన్సర్ వైరు లాగితే అంతకంటే ఎక్కువ వోల్టేజే అందులోకి దూరుతుంది. వేరే దారిలో లాగండి, షీల్డ్ (చుట్టూ లోహపు తొడుగు) ఉన్న వైరు వాడి షీల్డ్‌ను బోర్డు వైపు మాత్రమే గ్రౌండ్ చేయండి, పిన్ను దగ్గరే, పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. ఇంకా మంచిది, బోర్డునే సెన్సర్ పక్కకు తీసుకెళ్లి, దూరం మోయాల్సిన పనిని ఆర్ఎస్-485కు, అంటే పొడవాటి వైర్ల మీద డేటా పంపే పద్ధతికి, అప్పగించడం. సగటు చివర్లో తీయండి, అదీ పూర్తి 20 మిల్లీసెకన్ల మీద, ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్, దాని ఒక్కో అలకు అంత సమయం పడుతుంది.

ఇక మీ ప్రశ్నలో నాకు భయం వేసింది చివరి మాట చూసి. ఫోన్‌తో నడిచే స్టార్టర్లలో కొన్ని అన్ని పీసులకూ ఒకటే పాస్‌వర్డ్‌తో వస్తున్నాయి, 1234 లాంటిది, అది మార్చేదాకా పనిచేయకుండా ఆపాలన్న ఆలోచన కూడా తయారీదారుకు రాదు. సొంతంగా కట్టేవాళ్లు పాస్‌వర్డే లేని పేజీ పెట్టి రౌటర్‌లో పోర్టు (బయటి ఇంటర్నెట్ నుంచి లోపలికి వచ్చే దారి) తెరిచేస్తున్నారు. తెరిచిన పోర్టుల కోసం ఇంటర్నెట్ అంతా వెతికే ప్రోగ్రాములు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి, ఆ బటన్ వెనక త్రీ ఫేజ్ మోటారు ఉందని, దాని దగ్గర మీ నాన్న చెయ్యి పెట్టి ఉన్నాడని వాటికి తెలియదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చాక నీళ్లు వృథా అవుతున్నాయని, కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆన్ చేసే ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పారు, ఇప్పుడు అదే పని ఇంటర్నెట్ దారిలో, తాళం కూడా లేకుండా, వెనక్కి వస్తోంది.

అందుకే బోర్డుకు మోటారు ఆపే అధికారం మాత్రమే ఇవ్వండి, ఆన్ చేయడం మనిషే దగ్గరుండి చేయాలి. రిపేరుకు వెళ్లేటప్పుడు ఫోన్‌లో ఆఫ్ అని చూపిస్తోందని నమ్మొద్దు, ఫ్యూజులు తీసి జేబులో వేసుకోండి. ఇవన్నీ చేశాక కూడా 420 కదులుతుంటే చార్జర్ మీద, పవర్ బ్యాంక్ మీద, మోటారుతో, మోటారు లేకుండా వచ్చిన రీడింగులు రాసి పంపండి. బోర్డు ఫొటో ఒక్కటే పంపితే నేనేమీ చెప్పలేను.