మంచు కొండల్లో ఆటలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో కుటుంబంతో మంచు చూడటానికి వెళ్లాలనుకుంటున్నాము. పిల్లలకు 14, 9 ఏళ్లు. ట్రావెల్స్ వారు ఐదు రోజుల్లో శ్రీనగర్, గుల్మార్గ్, పహల్గాం, సోనామార్గ్ అన్నీ చూపిస్తామంటున్నారు. పిల్లలేమో కాళ్లకు పొడవాటి పలకలు బిగించుకుని మంచు మీద జారే స్కీయింగ్ నేర్చుకుంటామని పట్టుబడుతున్నారు. గుల్మార్గ్, ఔలి, మనాలీలలో ఏది మేలు? – కె.వి.ఆర్., విజయవాడ

జవాబు: ఆ ఐదు రోజుల పథకంలో మీ పిల్లలు స్కీయింగ్ నేర్చుకోవడం జరగని పని. అలాంటి యాత్రలో గుల్మార్గ్‌కు దక్కేది ఒక్క పూట. అద్దె కోటు, అద్దె బూట్లు తొడుక్కుని, కాసేపు మంచు మీద జారే స్లెడ్జ్ బండి మీద కూర్చుని, నాలుగు ఫోటోలు దిగి, భోజనం వేళకు వెనక్కి బయలుదేరాల్సి వస్తుంది. చూసిన ఊళ్ల లెక్క తగ్గినా ఫరవాలేదనుకుని, ఒకే చోట కనీసం నాలుగు రాత్రులు ఉండండి. మొదటి రోజు బూట్లతో కుస్తీకే సరిపోతుంది, రెండో రోజు ఆగడం వస్తుంది, మూడో రోజు మలుపు తిరగడం కొంత పట్టుబడుతుంది, అసలు సరదా ఆ తర్వాతే మొదలవుతుంది.

మూడింటిలో మీకు గుల్మార్గ్‌నే సూచిస్తాము. సుమారు 2,650 మీటర్ల ఎత్తున గిన్నెలా పరుచుకున్న ఆ మైదానం అంచుల్లో, కొత్తవారు పడినా పెద్దగా దొర్లిపోని వాలులు ఉన్నాయి. శ్రీనగర్ విమానాశ్రయం నుంచి దూరం 50 కిలోమీటర్ల చిల్లర మాత్రమే. మంచు కురిసిన రోజుల్లో దారిలోని తంగ్‌మార్గ్ నుంచి పైకి చక్రాలకు గొలుసులు కట్టిన బండి కావాలి కనుక, కింద నుంచి వచ్చిన టాక్సీ అక్కడే ఆగిపోతే కంగారు పడకండి. కేంద్ర పర్యాటక శాఖకు చెందిన స్కీయింగ్, పర్వతారోహణ శిక్షణ సంస్థ అక్కడే ఉంది. దాని కోర్సు తేదీలు మీ సెలవులతో కలవకపోతే, అనుమతి పత్రం ఉన్న శిక్షకుణ్ణి రోజు లెక్కన మాట్లాడుకోవచ్చు. మీ చిన్నబ్బాయిని, పెద్దబ్బాయిని ఒకే శిక్షకుడికి అప్పగించకండి. చిన్నవాడు అలిసిపోయే వేళకే పెద్దవాడికి ఉత్సాహం మొదలవుతుంది.

ఉత్తరాఖండ్‌లోని ఔలిలో ఆ రాష్ట్ర ప్రభుత్వ పర్యాటక సంస్థ గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ నడిపే 7, 14 రోజుల కోర్సులు ఉన్నాయి. నందాదేవి ఎదురుగా కనిపించే ఆ వాలు కుదురుగా నేర్చుకోవడానికి చాలా మంచిది. అయితే హరిద్వార్ నుంచి ఔలి కింద ఉండే జోషీమఠ్ చేరడానికే ఒక పగలంతా పడుతుంది. పైగా 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగినప్పుడు అక్కడి నుంచి ఔలికి వెళ్లే రోప్‌వేను ఆపేశారు కనుక, దాని మీద ఆశ పెట్టుకోకుండా రోడ్డు మార్గాన్నే లెక్కలో వేసుకోవాలి. మనాలీ దగ్గరి సోలంగ్ లోయ చేరడం తేలికే గాని, సెలవుల్లో అక్కడి రద్దీ మన తీర్థాల రద్దీకి తీసిపోదు.

ఇక మంచు సంగతి. కశ్మీరీలు డిసెంబరు 21 నుంచి జనవరి 30 వరకు ఉండే నలభై రోజుల గడ్డుచలిని చిల్లై కలాన్ అంటారు. సంక్రాంతి సరిగ్గా అందులోనే పడుతుంది. అలాగని భరోసా ఏమీ లేదు. మంచును తెచ్చేది పడమటి నుంచి వచ్చే గాలి అలజడులు. అవి ముఖం చాటేస్తే 2024 జనవరిలో జరిగినట్టు గుల్మార్గ్ కూడా గోధుమరంగు గడ్డితో వెలవెలబోతుంది. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే గదులే తీసుకోండి. గుల్మార్గ్‌లో కొండపైకి తీగ మీద వెళ్లే గండోలా (కేబుల్ కారు) టికెట్లు ముందుగానే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి, గాలి ఎక్కువైతే దాన్ని నడపరని కూడా గుర్తుంచుకోవాలి.

బండి దిగగానే స్లెడ్జ్ లాగేవారు, గైడ్లు చుట్టుముడతారు. ఎంతసేపు, ఎక్కడి దాకా, ఎంత అన్నది ఎక్కకముందే తేల్చుకోండి. మనిషి లాగుతుంటే కూర్చోవడాన్ని ఆట అనాలని మాకు అనిపించదు. అయినా ఆ శీతకాలమంతటికీ అదే అతని జీవనాధారం కాబట్టి, బేరం మరీ గీచి గీచి చేయవద్దని మా మనవి.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. మోకాళ్లు అప్పుడప్పుడు నొప్పి పెడతాయి. మా అమ్మాయి నన్ను కూడా స్కీయింగ్ కోర్సులో చేర్పిస్తానంటోంది. ఈ వయసులో సాధ్యమేనా? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వయసు అడ్డంకి కాదు, మోకాలే అసలు ప్రశ్న. కీళ్ల వైద్యులకు చూపించుకుని, స్నాయువులు దెబ్బతిని లేవని నిర్ధారించుకున్నాకే ముందుకు వెళ్లండి. స్కీయింగ్‌లో తరచుగా దెబ్బ తగిలేది మోకాలికే. కాలు ఒకవైపు, పొడవాటి స్కీ మరోవైపు తిరిగినప్పుడు మధ్యలో మెలిపడేది అదే. అందుకే బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ అనే బిగింపు, మనం పడినప్పుడు దానంతట అదే ఊడిపోయేలా ఉంటుంది. దాన్ని మీ బరువుకూ, మీ నేర్పుకూ తగ్గట్టు సరిచేయాలి. అద్దె దుకాణంలో బూటు సైజు మాత్రమే అడిగి స్కీలు చేతిలో పెడితే, మీ బరువు చెప్పి, ఎదుటే బిగింపు సరిచేయించుకోండి.

వెళ్లడానికి రెండు నెలల ముందు నుంచి తొడలకు బలం తెచ్చుకోవాలి. చిన్నప్పుడు బడిలో మాస్టారు వేయించిన గోడకుర్చీ ఇందుకు పనికివచ్చే మొదటి వ్యాయామం. నొప్పి లేనంతవరకు గుంజీళ్లు, మెట్లెక్కడం కూడా మంచివే.

అక్కడ మొదటి రోజు ఎలా ఉంటుందో ముందే తెలిస్తే భయం తగ్గుతుంది. స్కీ బూటు గట్టి ప్లాస్టిక్ డొప్ప; అందులో చీలమండ అసలు కదలదు, నడక కొయ్యకాళ్ల మీద నడిచినట్టు ఉంటుంది. చలికి భయపడి మనవారు రెండు మూడు జతల మేజోళ్లు తొడుగుతారు. అది పొరపాటు. బూటు బిగుసుకుని రక్తం ఆడక కాలివేళ్లు ఇంకా చల్లబడతాయి. పొడవాటి ఉన్ని మేజోళ్లు ఒక్క జత చాలు. తర్వాత స్కీలను వాలుకు అడ్డంగా పెట్టి, పీతలా పక్కకు అడుగులు వేస్తూ కొంచెం పైకి ఎక్కిస్తారు. ఆపైన స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనుక కొనలు దూరంగా పెట్టి, లోపలి అంచుల మీద బరువు మోపుతూ మెల్లగా జారడం నేర్పుతారు. దీన్నే స్నోప్లౌ అంటారు. కొత్తవారికి భయం వేయగానే ఒళ్లు వెనక్కి వాలుతుంది, వాలిన మరుక్షణం స్కీలు ముందుకు దూసుకుపోతాయి. పిక్కల ముందుభాగం బూటు నాలుకకు ఆనుతూ ఉండేలా ముందుకే వంగి ఉండండి. పడక తప్పదనిపిస్తే పక్కకు కూలబడండి. చేతికర్రలను మాత్రం వదిలేయండి, గట్టిగా పట్టుకుని పడితే బొటనవేలి కీలు దెబ్బతింటుంది.

వైద్యులు వద్దంటే అమ్మాయి మీద మొహమాటానికి పోకండి. వెడల్పాటి మంచు చెప్పులు తొడుక్కుని దేవదారు చెట్ల మధ్య నడిచే స్నోషూయింగ్‌లో మోకాలు మెలిపడే ప్రమాదం చాలా తక్కువ. నిజానికి నిశ్శబ్దంగా అడవిని చూడటానికి అదే ఎక్కువ అనువైనది.

ప్రశ్న: శీతకాల ఒలింపిక్స్‌లో మన దేశం వారు ఎప్పుడైనా పాల్గొన్నారా? – తొమ్మిదో తరగతి విద్యార్థి, ఒంగోలు

జవాబు: పాల్గొన్నారు బాబూ. మనాలీ దగ్గర పెరిగిన శివ కేశవన్ 1998 నుంచి 2018 వరకు వరుసగా ఆరు శీతకాల ఒలింపిక్స్‌లో ల్యూజ్ ఆడాడు. ల్యూజ్ అంటే చిన్న స్లెడ్జ్ మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు ముందుకు చాపి, మంచుగడ్డ గాడిలో దూసుకుపోయే ఆట. మన దేశంలో అలాంటి గాడి లేకపోవడంతో అతను స్లెడ్జ్‌కు చక్రాలు బిగించి, లారీలూ పశువులూ తిరిగే హిమాలయ రోడ్ల మీద సాధన చేశాడు. నువ్వు మాత్రం ఆ పని చేయవద్దు. 2022 బీజింగ్ క్రీడలకు మన దేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్క క్రీడాకారుడు గుల్మార్గ్ ప్రాంతపు ఆరిఫ్ ఖాన్. పాతిన జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగే జెయింట్ స్లాలమ్ స్కీయింగ్‌లో అతనికి 45వ స్థానం వచ్చింది.

ప్రశ్న: స్నేహితులతో జనవరిలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్‌కు వెళ్తున్నాను. ఇంతకుముందు కొండలు ఎక్కిన అనుభవం లేదు. హైదరాబాద్‌లోనే ఎలా సిద్ధం కావాలి? కొండ జబ్బు రాకుండా వాడే డైమాక్స్ మాత్రలు వేసుకోవాలా? – ఎస్. ఆర్., హైదరాబాద్

జవాబు: దమ్మును ఇక్కడ పెంచుకోవచ్చు, ఎత్తుకు అలవాటు పడటం మాత్రం ఎత్తులోనే జరగాలి. ఈ రెండింటినీ కలిపి చూడటం వల్లే జిమ్‌లో ఆరితేరిన కుర్రాళ్లు కూడా శిబిరంలో తలపట్టుకుని కూర్చుంటారు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ తొలి పాఠాలు భువనగిరి రాతి గుట్ట మీదే నేర్చుకుంది. కానీ ఆ తర్వాత డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో సాధన చేశాకే అంత ఎత్తుకు వెళ్లింది. మీరు వారానికి రెండు మూడు సార్లు, వీపున ఏడెనిమిది కిలోల సంచితో మెట్లెక్కండి. వీలైతే ఒకసారి అలిపిరి నుంచి తిరుమలకు నడవండి. ఎక్కేటప్పుడు ఊపిరి సంగతి, దిగేటప్పుడు మోకాళ్ల సంగతి రెండూ తెలిసిపోతాయి.

కేదార్‌కంఠ శిఖరం ఎత్తు సుమారు 3,800 మీటర్లు. ట్రెక్ మొదలయ్యే సాంక్రి గ్రామం దాదాపు 1,900 మీటర్ల దగ్గర ఉంటుంది. రెండు మూడు రోజుల్లో అంత ఎత్తు ఎక్కడం కొత్త శరీరానికి తేలిక కాదు. తలనొప్పికి తోడు వాంతులు, ఆకలి మందగించడం, విపరీతమైన నీరసం కనిపిస్తే అది కొండ జబ్బు. ఆ స్థితిలో ఇంకా పైకి వెళ్లకూడదు. తడబడే నడక, మాటలో తికమక, కూర్చున్నా ఆగని ఆయాసం వస్తే అర్ధరాత్రి అయినా సరే వెంటనే కిందకు దించాలి. గైడుకు చెప్పడానికి సిగ్గుపడి మిత్రులకు భారమైనవారే ఎక్కువ. డైమాక్స్ విషయంలో ముందుగా మీ డాక్టరును అడగండి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి తప్పక చెప్పాలి. ఆ మాత్ర వేసుకున్నామన్న ధీమాతో తొందరపడి ఎక్కేయడం తగదు. శిబిరంలో మద్యం జోలికి పోవద్దు.

దుస్తుల్లో ఒకే ఒక్క నియమం: ఒంటిని అంటుకునే పొరలో నూలు ఉండకూడదు, జీన్స్ అసలే వద్దు. నూలుబట్ట చెమటను పీల్చి తడిసి, నిలబడగానే మంచులా చల్లబడుతుంది. లోపల చెమటను బయటకు పంపే పొర, దానిపై ఉన్ని లేదా ఫ్లీస్, పైన గాలిని ఆపే జాకెట్ వేసుకోండి. ఎక్కేటప్పుడు చెమట పట్టకముందే ఒక పొర విప్పి, ఆగగానే మళ్లీ వేసుకోవడం అలవాటు చేసుకోండి. రాత్రి నీళ్ల సీసానూ, ఫోన్‌నూ స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకుని పడుకోవాలి. లేకపోతే తెల్లారేసరికి నీళ్లు గడ్డకడతాయి, బ్యాటరీ పడిపోతుంది. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది కనుక, మబ్బు పట్టినా నల్ల కళ్లద్దాలు తీయకండి. సన్‌స్క్రీన్‌ను గడ్డం కిందా, ముక్కు కిందా కూడా రాసుకోవాలి.

ప్రశ్న: గుల్మార్గ్‌లో వారం రోజులు నేర్చుకున్నాక గండోలా రెండో దశ ఎక్కి, అఫర్వత్ కొండ పై నుంచి స్కీ చేస్తూ దిగవచ్చా? – పి. సాయి, విశాఖపట్నం

జవాబు: వద్దు. ఎక్కి, చూసి, గండోలాలోనే దిగండి. సుమారు 3,950 మీటర్ల దగ్గర ఆగే ఆ చోటు నుంచి కిందకు ఉన్నది చదును చేసిన బాట కాదు. చాలాచోట్ల కొండ ఎలా ఉంటే అలా వదిలేసిన లోతైన మంచు. మంచు చరియలు ఎక్కువగా విరిగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద, స్కీయర్లు ఇష్టపడే వాలులు కూడా అవే. అక్కడ 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయర్ చరియల కింద చనిపోయారు. మంచులో కూరుకున్న మనిషిని మొదటి 15 నిమిషాల్లో తీయగలిగితేనే బతికే అవకాశం ఎక్కువ. అంటే కాపాడవలసింది పక్కనున్నవారే. అందుకు జట్టులో ప్రతి ఒక్కరి దగ్గర జాడ తెలిపే ట్రాన్సీవర్, మంచులో గుచ్చి వెతికే కడ్డీ, పార ఉండాలి. అవి వాడటం కూడా వచ్చి ఉండాలి. వారం రోజుల కోర్సులో ఇవేవీ రావు.

ప్రశ్న: మేము డెన్వర్‌లో ఉంటాము. మా అమ్మానాన్నలు గుంటూరు నుంచి డిసెంబరులో వస్తున్నారు. ఇద్దరూ అరవై దాటినవారు, నాన్నకు బీపీ ఉంది. మేము బ్రెకెన్‌రిడ్జ్‌లో స్కీ చేస్తుంటే వారు కూడా మంచును ఆస్వాదించాలంటే ఏం చేయాలి? – ఎం. ఎల్., కొలరాడో

జవాబు: ముందుగా వారిని కనీసం మూడు నాలుగు రోజులు డెన్వర్ ఇంట్లోనే ఉండనివ్వండి. గుంటూరు దాదాపు సముద్రమట్టంలో ఉన్న ఊరు, డెన్వర్ 1,600 మీటర్లు, బ్రెకెన్‌రిడ్జ్ పట్టణమే 2,900 మీటర్ల పైమాట. విమానం దిగిన మర్నాడే పైకి తీసుకెళ్తే నిద్రలేమి, తలనొప్పి ఖాయం. మొదటి విహారానికి డెన్వర్ దగ్గరి ఎవర్‌గ్రీన్ సరస్సు బాగుంటుంది. మంచుగడ్డ తగినంత మందం కట్టాక అక్కడ స్కేటింగ్‌కు అనుమతిస్తారు. మీ పిల్లలు ఆడుతుంటే ఒడ్డున కూర్చుని చూడటమే వారికి పండుగ. బ్రెకెన్‌రిడ్జ్‌కు మొదటిసారి పగటిపూట వెళ్లి సాయంత్రానికి తిరిగి రండి, ఒంటికి పడిందనుకుంటేనే తర్వాత రాత్రి బస పెట్టుకోండి. నాన్నగారి బీపీ మాత్రలు ఆగకూడదు. ప్రయాణానికి ముందే గుంటూరులోని డాక్టరుకు ఎత్తు సంగతి చెప్పి సలహా తీసుకోమనండి. ఊరికే కూర్చోలేక వాకిట్లో మంచు ఎత్తిపోస్తానని ఆయన పార పట్టుకుంటే మాత్రం ఒప్పుకోకండి. చలిలో ఆ హఠాత్ శ్రమ గుండెకు ప్రమాదకరం.

పెద్దవారికి స్కీ వాలు కంటే పార్కింగ్ స్థలమే ఎక్కువ భయం. పగలు కరిగి రాత్రి గడ్డకట్టిన నీటి పొర నల్లటి తారు మీద కంటికి కనిపించదు. అమ్మగారు చీర మీదే కోటు వేసుకుంటానంటే అభ్యంతరం లేదు, కానీ కుచ్చిళ్లు చీలమండ పైకి ఉండేలా కట్టుకోవాలి, లోపల థర్మల్ లెగ్గింగ్స్ ఉండాలి. ఇద్దరికీ బూట్లకు తగిలించుకునే ఇనుప ముళ్ల పట్టీలు కొనండి. షాపుల్లోకి, నున్నటి గచ్చు మీదకు వెళ్లేటప్పుడు వాటిని తీసేయాలని కూడా చెప్పండి, అక్కడ అవే జారతాయి.