ఊహ తెలిసిన బిడ్డ దగ్గరికి అయిదు రోజులు

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: అక్కా, మేం న్యూజెర్సీలో ఉంటాం. నాకు 42, మావారికి 45. పిల్లల కోసం ఎనిమిదేళ్ళు ఆసుపత్రుల చుట్టూ తిరిగి ఇక చాలనుకున్నాం. ఇద్దరికీ అమెరికా పౌరసత్వం ఉంది. బల్గేరియా నుంచి దత్తతకి దరఖాస్తు పెడితే ఇప్పుడు తొమ్మిదేళ్ళ బాబు ఫైలు వచ్చింది. రోమా (యూరప్‌లో జిప్సీలని పిలిచే తెగ) కుటుంబంలో పుట్టాడని రాశారు. వచ్చే నెల మొదటి ప్రయాణం. అయిదు రోజులు బాబు ఉంటున్న పిల్లల హోంకి వెళ్ళి వాడితో గడపాలట. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. ఏం తీసుకెళ్ళాలి? ఏం మాట్లాడాలి? అమ్మా అని పిలవమని చెప్పాలా? పేరు ఆర్యన్ అని మార్చాలని మావారి కోరిక. తెనాలి నుంచి అత్తయ్యగారు రోజూ ఫోన్ చేసి, "ఊహ తెలిసిన పిల్లాడమ్మా, రేపు మనవాడవుతాడా?" అంటున్నారు. మీరూ బల్గేరియా నుంచే పాపని తెచ్చుకున్నారని మీ పాత జవాబులో చదివాను. వివరంగా రాయండి.
— ఒక చెల్లెలు, ఎడిసన్

జవాబు: చెల్లీ, మేం వెళ్ళింది 2013 మార్చిలో. బల్గేరియాలో స్తారా జగోరా అనే నగరానికి దగ్గర్లో ఒక చిన్న ఊరు. పాపకి అప్పుడు ఎనిమిదేళ్ళు. నేను రెండు పెద్ద సూట్‌కేసుల నిండా గౌన్లు, బొమ్మలు, చాక్లెట్లు కుక్కుకుని వెళ్ళాను. వెళ్ళిన పది నిమిషాల్లో డైరెక్టర్ గారు వాటిని మర్యాదగా తన గదిలో పెట్టించేశారు. అక్కడ పన్నెండు మంది పిల్లలు. ఒక్క పాపకే ఇన్ని ఇచ్చేసి మనం హోటల్‌కి పోతే, రాత్రి ఆ గదిలో ఏం జరుగుతుందో ఆవిడకి తెలుసు, నాకు తెలియదు.

కాబట్టి చిన్న సంచీతో వెళ్ళండి. ఒక బంతి, బెలూన్ల ప్యాకెట్టు, రంగు పెన్సిళ్ళు, యునో కార్డులు. యునో ఆడటానికి భాష అక్కర్లేదు. ఒక ఫొటో ఆల్బమ్ చేయించండి: మీ ఇల్లు, వాడి గది, వీధి, మీ ఇద్దరూ. ఒక్కో ఫొటో కింద బల్గేరియన్‌లో ఒక్క వాక్యం, తెలిసినవాళ్ళతో రాయించండి. తెనాలి అత్తయ్యగారి ఫొటో కూడా పెట్టండి.

ఫోన్ మాత్రం చేతికివ్వకండి. రెండో రోజు నేనిచ్చాను. రెండు గంటలు దొరికే చోట, గంటా యాభై నిమిషాలు పాప గేములు ఆడింది. మేమిద్దరం ఆ పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాం, రైలు కోసం చూస్తున్న వాళ్ళలాగా. మర్నాడు ఫోన్ హోటల్లో పెట్టొస్తే ఏడుపు. ఒక పూట దానికే పోయింది.

మొదటి రోజు సంగతి ఒకటి చెప్పాలి. సాయంత్రం బయల్దేరబోతుంటే పాప ట్రాన్స్‌లేటర్‌ని ఏదో అడిగింది. "రేపు కూడా వస్తారా అంటోంది" అందావిడ. నాకు ప్రాణం లేచొచ్చింది. మాట పెగల్లేదు, తల నిలువుగా నాలుగుసార్లు ఊపాను. పాప ముఖం వాడిపోయింది. వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. బల్గేరియాలో తల నిలువుగా ఆడిస్తే కాదని, అడ్డంగా ఆడిస్తే అవునని. నేనది చదువుకునే వెళ్ళాను, కానీ మెడకి తెలియదు కదా. ట్రాన్స్‌లేటర్ పరుగెత్తి వెనక్కి పిలుచుకొచ్చింది. పైగా మనవాళ్ళం అటూ ఇటూ కాకుండా ఒక వాలులో తల ఆడిస్తాం, అది వాళ్ళకి ఏ లెక్కలోకీ రాదు. మీరు తల కదపకుండా నోటితో చెప్పండి. అవునంటే "దా", కాదంటే "నె". మన చెవికి "దా" రమ్మని పిలిచినట్టే ఉంటుంది, మర్చిపోరు.

అమ్మా అని పిలవమనాలా అన్నారు. వద్దు. మీరు చెప్పకపోయినా అక్కడి లెల్యాలు చెప్పేస్తారు. లెల్యా అంటే పిన్నో అత్తో. హోంలో ఆయాలని పిల్లలు అలాగే పిలుస్తారు. మా పాపని తెచ్చి నా ముందు నిలబెట్టి "మామాకి ముద్దు పెట్టు" అన్నారు. అక్కడ మామా అంటే అమ్మ. నాన్న తాతె. నాయనమ్మ బాబా. మన వరసలన్నీ ఎవరో గంపలో వేసి కుదిపినట్టుంటుంది. పాప భుజాలు బిగబట్టుకుని నిలబడింది. నేను కిందికి వంగి నా పేరు చెప్పాను, మావారూ తన పేరు చెప్పారు. అంతటితో ఆపాం. నాలుగో రోజు యునోలో గెలిచి, మావారి వైపు వేలు చూపించి "తాతే!" అని కేక పెట్టింది. ఆయనకి అప్పుడు 46, జుట్టు సగం నెరిసింది. "నాన్నని కాకముందే తాతని చేసేసింది" అన్నారు. ఆ కార్డుల పెట్టె ఇప్పటికీ ఆయన బీరువాలోనే ఉంది.

ఒకవేళ మీ బాబు చూసిన అయిదు నిమిషాల్లో ఒళ్ళోకెక్కి కూర్చుంటే మరీ పొంగిపోకండి. వచ్చిన ప్రతివాళ్ళనీ అలా అల్లుకుపోవడం హోంలో పెరిగిన కొంతమంది పిల్లలకి అలవాటు. మూలన నిలబడి మీవైపు చూడకపోతే బెంబేలెత్తకండి. వాడు చూస్తూనే ఉంటాడు, మీరు చూడనప్పుడు.

ఆ అయిదు రోజుల్లో మీరు తప్పకుండా చేయాల్సిన పని ఇంకోటుంది, అందరూ మర్చిపోయేది. నోట్‌బుక్ తీసుకెళ్ళండి. వాడికి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉన్నారా, ఎక్కడున్నారు, చివరిసారి ఎప్పుడు కలిశారు? పేరు ఎవరు పెట్టారు? ఈ హోంకి ముందు ఎక్కడున్నాడు? ఏ లెల్యా దగ్గరికి ఎక్కువ వెళ్తాడు? రాత్రి లైటు ఆర్పితే పడుకుంటాడా? చిన్నప్పటి ఫొటో ఒక్కటైనా ఉందా? ఎత్తు, బరువు, తల చుట్టుకొలత పుట్టినప్పటి నుంచీ ఉన్న లెక్కలన్నీ అడిగి రాసుకోండి, మీ డాక్టరు అవే అడుగుతారు. కళ్ళజోడు అవసరమేమో మీరే గమనించండి. మా పాప కార్డుల్ని ముక్కుకి ఆనించుకుని చూసేది, ఫైల్లో ఆ ముక్క ఎక్కడా లేదు. పదమూడేళ్ళకి ఒకరోజు వంటింట్లోకొచ్చి "నాకా పేరు ఎవరు పెట్టారు?" అని అడిగింది. నా నోట్‌బుక్‌లో జవాబుంది. "నాకు తమ్ముడున్నాడా?" అని అడిగింది. అది నేను అడిగి ఉండలేదు.

పేరు గురించి ఆ సంగతే నా జవాబు కూడా. తొమ్మిదేళ్ళు ఆ పేరుతో పిలిపించుకున్నాడు. తోడు వచ్చేది వాడి వెంట అదొక్కటే. ఆర్యన్ మధ్య పేరుగా పెట్టుకోండి, వాడు పెద్దయ్యాక ఏది వాడుకుంటాడో వాడిష్టం. మా పాప పేరు ఇక్కడ రాయకపోవడానికి కారణం కూడా, అది తన సొంతం.

రోమా సంగతి. వాళ్ళ పూర్వీకులు వెయ్యేళ్ళ కిందట ఉత్తర భారతం నుంచి వెళ్ళినవాళ్ళు, వాళ్ళ భాషలో నీళ్ళని ఇప్పటికీ పానీ అనే అంటారు. ఇది తెలిసి మా చుట్టాలు "అయితే మనవాళ్ళేనన్నమాట!" అని మురిసిపోయారు. నేనూ కొంచెం మురిశాను, అబద్ధమెందుకు. కానీ ఆ దేశంలో హోముల్లో రోమా పిల్లలు అంతమంది ఎందుకున్నారో, అక్కడి ఇళ్ళల్లో వాళ్ళని దత్తత తీసుకోవడానికి ఎందుకు వెనకాడతారో చదువుకుని వెళ్ళండి. రోమావాళ్ళని "త్సిగాని" అనే మాట వినిపిస్తే అది తిట్టుగా పడుతోందని తెలుసుకోండి. మనకి కులం తెలుసు కాబట్టి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టదు. మీ బాబు హోంలో రోమా భాష మర్చిపోయి ఉండొచ్చు. పోలికలు కలిశాయని అతని ముందు గొప్పగా చెప్పుకోకండి, అప్పుడే వద్దు.

తిండి దగ్గర మాత్రం మనకి అదృష్టం. వాళ్ళకి పెరుగు లేనిదే రోజు గడవదు. "కిసెలో మ్ల్యాకో" అంటారు, పుల్లపాలు అని. దోసకాయ, వెల్లుల్లి, అక్రూట్లు వేసి పెరుగుతో చేసే తరాతోర్ తింటే మీకు దోసకాయ పెరుగు పచ్చడి గుర్తొస్తుంది. ఎర్ర మిరప, టమాటాలతో చేసే ల్యుతెనిత్సని పిల్లలు బ్రెడ్డు మీద రాసుకు తింటారు. ఇంటికొచ్చాక మొదటి నెల మా పాప తిన్నది రెండే: పెరుగన్నం, టమాటా పచ్చడి.

ఇక చివరి రోజు. నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. మేం వెళ్ళింది మార్చి కదా, మార్చి 1న వాళ్ళు ఎరుపు తెలుపు దారాలు పేని ఒకరికొకరు మణికట్టుకి కట్టుకుంటారు, మార్తెనిత్స అంటారు. మన తోరంలాగే ఉంటుంది. కొంగ కనిపించేదాకానో, పూసిన చెట్టు కనిపించేదాకానో ఉంచుకుని, విప్పి ఆ చెట్టుకి కట్టాలి. పాప తన చేతిది విప్పి నాకు కట్టింది. మళ్ళీ ఎప్పుడొస్తారంది. నాకు గొంతు పూడుకుపోయి, "స్కూలు తెరిచేలోపు వచ్చేస్తాం" అన్నాను. అక్కడ స్కూళ్ళు సెప్టెంబరు 15న తెరుస్తారు.

మీకు తెలుసు కదా వరస. మనం ఒప్పుకున్నాక అమెరికాలో ఐ-800 (ఆ బిడ్డని తెచ్చుకోవడానికి ఇమిగ్రేషన్ వాళ్ళకి పెట్టే దరఖాస్తు) ఆమోదం రావాలి, ఆ తర్వాతే బల్గేరియా రాజధాని సోఫియా కోర్టులో దత్తత, ఆ తర్వాత పాస్‌పోర్టు, వీసా. ఇందులో ఒక్క తేదీ కూడా మన చేతిలో లేదు. ఏప్రిల్‌లో న్యూజెర్సీ నెవార్క్‌లోని బ్రాంచ్ బ్రూక్ పార్కులో చెర్రీ చెట్టుకి ఆ దారం కట్టి, పాపకి ఫొటో పంపించాను. మేం వెళ్ళగలిగింది నవంబరులో. పాప గుమ్మం దాకా వచ్చి నిలబడింది, దగ్గరికి రాలేదు. ఆ రోజంతా నాతో ఒక్కటే మాట మాట్లాడింది: "పెత్నయిసెతి సెప్తెంవ్రి." సెప్టెంబరు పదిహేను.

అందుకని చెల్లీ, వాడికి తేదీ చెప్పకండి, పండగ పేరు చెప్పకండి. "పేపర్లు రావాలి. ఎప్పుడొస్తాయో నాకు తెలియదు. నెలకో ఉత్తరం రాస్తాను" అనండి. ఆ ఉత్తరం మాత్రం తప్పించకండి. ఆ అయిదు రోజులూ పదింటికి వస్తామంటే పదింటికి గేటు దగ్గర ఉండండి. వెళ్ళేటప్పుడు ఏడుస్తాడని భయపడి, ఆటలో ఉన్నప్పుడు జారుకోమని ఎవరైనా సలహా ఇస్తారు. వినకండి, చెప్పే రండి. మా అమ్మాయి ఇప్పుడు కాలేజీలో ఉంది. అయినా సెలవులకి ఇంట్లో ఉన్నప్పుడు నేను కూరగాయలకి వెళ్ళినా సరే, ఎన్నింటికి వస్తానో చీటీ రాసి ఫ్రిజ్‌కి అంటించాలి. అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఫోన్ వస్తుంది.

అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి. మా అత్తగారిదీ ఇదే మాట. ఆవిడ వచ్చి ఆర్నెల్లున్నారు. పాప ఆవిడని "బాబా" అని పిలిస్తే మొదట్లో "నేనేమైనా సాయిబాబానా?" అని విసుక్కునేవారు. మీ అత్తయ్యగారిని వీలైతే రెండో ప్రయాణం అయిన మూడు నెలలకి రమ్మనండి, వెంటనే మాత్రం వద్దు. ఇంట్లో ముగ్గురే ఉండాలి కొన్నాళ్ళు.

ప్రశ్న: మేడమ్, మేం డాలస్‌లో ఉంటున్న ఎన్నారైలం. ఒక బాబున్నాడు. ఏడెనిమిదేళ్ళ పాపని దత్తత తీసుకోవాలనుంది. డిసెంబరులో ఇండియా వస్తున్నాం. బాబు పుట్టినరోజు హైదరాబాద్‌లో ఒక అనాథాశ్రమంలో చేసి, అక్కడి పిల్లల్లో మా మనసుకి నచ్చిన పాపని చూసుకుందామని అనుకుంటున్నాం. ఆశ్రమం వాళ్ళు మాకు తెలిసినవాళ్ళే. ఇది మంచి పద్ధతేనా?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: కాదండీ. పెళ్ళిచూపులకే ఇప్పుడు ఆడపిల్లలు ఒప్పుకోవడం లేదు, కేకు కోసే వంకతో పన్నెండు మంది పాపల్ని వరసగా కూర్చోబెట్టి చూస్తారా? ఎనిమిదేళ్ళ పిల్లకి ఎవరెందుకొచ్చారో తెలిసిపోతుంది. మీరు వెళ్ళిపోయాక మిగిలిన పదకొండు మంది సంగతి నేను రాయక్కర్లేదు.

చట్టం కూడా ఒప్పుకోదు. అక్కడున్న ప్రతి పాపా దత్తతకి ఉన్న పాప కాదు, చాలామందికి తల్లో తండ్రో ఉంటారు. ఎన్నారైలు అమెరికాలో కారా (దత్తతలు చూసే భారత ప్రభుత్వ సంస్థ) గుర్తింపు ఉన్న ఏజెన్సీ ద్వారా నమోదు చేసుకోవాలి, పాప వివరాలు కారా పోర్టల్‌లోనే వస్తాయి. ఎనిమిదేళ్ళు దాటిన పాపకైతే మీ ఇద్దరి వయసులూ కలిపి 110 మించకూడదు. అయిదేళ్ళు దాటిన పాప ఇష్టాన్ని కూడా అడుగుతారు. దత్తత ఉత్తర్వు 2022 సెప్టెంబరు నుంచి జిల్లా కలెక్టర్ ఇస్తున్నారు. తెలిసినవాళ్ళు కదా అని పద్ధతి తప్పి ఇచ్చినా, పుచ్చుకున్నా మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. అలా తీసుకున్న పాపకి అమెరికా వీసా కూడా రాదు.

మీ బాబు పుట్టినరోజుకి ఆ పిల్లలకి మంచి భోజనం పెట్టిద్దామంటే పెట్టించండి. ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టకండి. డిసెంబరులో ఆ హోంకి అలాంటి పుట్టినరోజులు వారానికి ఎన్ని వస్తున్నాయో ముందు ఫోన్ చేసి అడగండి. కేకుల బదులు రగ్గులు కావాలంటారేమో.